పుర్రెకో బుద్ధి, ఒంటికో మోతాదు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు మన పెద్దలు. ఒకే పంక్తిలో కూర్చుని ఒకే వంకాయకూర తిన్న నలుగురిలో ముగ్గురు హాయిగా అరాయించుకుని లేస్తారు, నాలుగోవాడికి ఒళ్లంతా దద్దుర్లెక్కుతాయి. వంటింటి విషయంలో ఈ తేడాను అందరమూ ఒప్పుకుంటాం. "వాడి ఒంటికి వంకాయ పడదు" అని విస్తట్లో ఇంకో కూర వేస్తాం. కాని మందుల దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగితం ఎక్కడికో పోతుంది. అందరినీ ఒకే గాటన కట్టేస్తాం. జలుబు బిళ్ళ విషయంలో అయితే పోనీలే అనుకోవచ్చు. రక్త కాన్సర్‌తో ఆసుపత్రి మంచం మీద ఉన్న ఐదేళ్ల బిడ్డ విషయంలో మాత్రం ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

అందుచేత నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. రక్త కాన్సర్ వచ్చిన పిల్లలకు మెర్కాప్టోప్యూరిన్ అనే మందు మొదటి బిళ్ళ వేసేముందే వాళ్ల జన్యువుల్లో రెండింటిని పరీక్షించి చూడాలి. ఆ పరీక్ష డబ్బున్నవాడి బిడ్డకే కాదు, ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే ప్రతి బిడ్డకూ ఉచితంగా అందాలి. ఎందుకో వివరిస్తాను. సైన్సు విద్యార్థులకు కొంత తెలిసిన సంగతే కావచ్చు. ఆర్ట్సు, కామర్సు మిత్రులు కూడా ఓపిక పట్టి చదవాలని మనవి, ఎందుకంటే ఇది కేవలం సైన్సు ప్రశ్న కాదు.

భీమవరం నుంచి బోస్టన్‌కు

మన సినిమాల్లో రక్త కాన్సర్ వచ్చిందంటే ఇంటర్వెల్ తర్వాత చావే. ఒకప్పుడు నిజజీవితంలోనూ అంతే. పిల్లలకు ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా సోకితే వారాల్లో, నెలల్లో కథ ముగిసేది. ఆ గోడకు మొదటి గండి కొట్టినవారిలో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1923లో ఆయన అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో చాలాకాలం పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది, దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారుచేసింది ఆయన బృందమే. ఆ అమినోప్టెరిన్‌తోనే బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు చికిత్స చేసి, 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఆ తర్వాత మందులు ఒక్కొక్కటే వచ్చాయి. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ కలిసి తయారుచేసిన మెర్కాప్టోప్యూరిన్ 1953లో వాడకంలోకి వచ్చింది. ఇద్దరికీ 1988లో నోబెల్ బహుమతి లభించింది. మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి విన్‌క్రిస్టీన్ వచ్చింది. ఈ మందులన్నింటినీ కలిపి, రెండు మూడేళ్లపాటు పద్ధతి ప్రకారం ఇస్తే జబ్బు సమూలంగా పోతుందని మెంఫిస్ నగరంలోని సెంట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం చేసి చూపింది. 1962లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి నలుగురు బతికితే గొప్ప. ఈనాడు ధనిక దేశాల్లో నూటికి తొంభైమందికి పైగా బతుకుతున్నారు. గత శతాబ్దపు వైద్యశాస్త్రానికి ఇంతకన్న గొప్ప విజయాలు ఎన్నో లేవు.

అయితే ఈ మందులు రెండంచుల కత్తులు. కాన్సర్ కణాన్ని చంపే మందే ఎముకల్లోని మూలుగలో పుట్టే మంచి కణాలనూ చంపుతుంది. తెల్ల కణాలు పడిపోతే చిన్న గాయం చీము పడుతుంది, మామూలు జ్వరం సెప్టిక్‌గా మారుతుంది. మన దేశంలో రక్త కాన్సర్ పిల్లల్లో అసలు జబ్బుతో కాక, చికిత్స మధ్యలో ఇన్‌ఫెక్షన్లతో పోయేవాళ్ల పాలు ధనిక దేశాలకన్న ఎక్కువ. అంటే జబ్బును గెలిచి, మందుకు ఓడిపోతున్నారన్నమాట. ఇది విని ఊరుకోగలమా?

ఒక్క అక్షరం చేసే పని

చికిత్సలో మొదటి నెలలు ఆసుపత్రిలో గడిచిపోతాయి. తర్వాత వచ్చేది సుదీర్ఘమైన దశ. రోజూ రాత్రి ఇంట్లో ఒక మెర్కాప్టోప్యూరిన్ బిళ్ళ, వారానికొకసారి మెథోట్రెక్సేట్. చూడటానికి సులువే. బిళ్ళ ఖరీదు కూడా పెద్దది కాదు. కాని ఈ దశ సరిగా నడవకపోతే జబ్బు తిరగబెడుతుంది.

మెర్కాప్టోప్యూరిన్ ఒంట్లోకి వెళ్లాక కణం దాన్ని మార్చి తన డి.ఎన్.ఎ.లో దొంగ అక్షరంగా చేర్చుకుంటుంది. అచ్చుతప్పులు నిండిన పుస్తకంలాగా ఆ కణం ఇక తనను తాను నకలు తీసుకోలేక చస్తుంది. ఇది జరుగుతుండగా మన శరీరం కూడా ఊరుకోదు. టి.పి.ఎం.టి. అనే ఎంజైము మందులో కొంతభాగాన్ని పక్కదారి పట్టిస్తుంది. ఎన్.యు.డి.టి.15 అనే మరో ఎంజైము, తయారైన దొంగ అక్షరాలను డి.ఎన్.ఎ.లోకి చేరకముందే విరిచివేస్తుంది. ఈ ఇద్దరు కాపలాదారులూ సక్రమంగా పనిచేసే పిల్లలకు మామూలు మోతాదు సరిపోతుంది. పుట్టుకతోనే కాపలాదారు బలహీనంగా ఉంటే అదే మోతాదు విషం. మూలుగలో మందు పేరుకుపోయి తెల్ల కణాలు కుప్పకూలుతాయి.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో రిచర్డ్ వైన్‌షిల్‌బౌమ్ 1980లో టి.పి.ఎం.టి. సంగతి తేల్చారు. సుమారు 300 మంది రక్తం పరీక్షిస్తే, నూటికి 89 మందిలో ఎంజైము పుష్కలంగా ఉంది, 11 మందిలో మధ్యరకంగా ఉంది, 300లో ఒకరికి బొత్తిగా లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు ప్రతులు రెండూ బాగుంటే మొదటి రకం, ఒకటి చెడితే రెండో రకం, రెండూ చెడితే మూడో రకం. మెండెల్ బఠాణీలు మన రక్తంలోనే ఉన్నాయన్నమాట! అప్పటినుంచి పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో మెర్కాప్టోప్యూరిన్ పేరు పక్కన టి.పి.ఎం.టి. పేరు చేరింది.

మన డాక్టర్లూ ఆ పుస్తకాలే చదివారు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మన పిల్లల్లో టి.పి.ఎం.టి. బాగానే ఉన్నా కొందరికి తెల్ల కణాలు ఘోరంగా పడిపోయేవి. కొరియా, జపాన్, చైనాల్లోనూ ఇదే అనుభవం. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. జవాబు 2014లో కొరియా నుంచి వచ్చింది. పేగు జబ్బుకు ఇదే జాతి మందు వాడుతున్న రోగులను పరిశీలించిన అక్కడి శాస్త్రజ్ఞులు, 13వ క్రోమోజోము మీద ఉన్న ఎన్.యు.డి.టి.15 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే ఈ ప్రమాదం వస్తున్నదని కనిపెట్టారు. మరుసటి ఏడాది, 2015లో, సెంట్ జూడ్‌లోని జున్ యాంగ్ బృందం రక్త కాన్సర్ పిల్లల్లో దాన్ని రుజువు చేసింది. ఆ అక్షరం రెండు ప్రతుల్లోనూ మారిన పిల్లలు నిర్ణీత మోతాదులో సగటున నూటికి 8 పాళ్లు మాత్రమే తట్టుకోగలిగారు. ఒక ప్రతి మారినవారు 63 పాళ్లు, మార్పు లేనివారు 83 పాళ్లు తట్టుకున్నారు. ఒక్క అక్షరం తేడాకు పదిరెట్ల తేడా!

మరి 1953లో వాడకంలోకి వచ్చిన మందు గురించి ఇంత ముఖ్యమైన సంగతి 2014 దాకా ఎందుకు బయటపడలేదు? కారణం సులువే. ఈ మార్పు ఐరోపా సంతతివారిలో బహు అరుదు. తూర్పు ఆసియా ప్రజల్లో, అమెరికా ఖండపు ఆదివాసుల సంతతిలో అది ఎక్కువ. మన భారతీయుల్లోనూ తక్కువేమీ కాదు, సుమారు పదిమందిలో ఒకరు కనీసం ఒక ప్రతినైనా మోస్తున్నారు. మనదగ్గర టి.పి.ఎం.టి. లోపం కంటే ఇదే ఎక్కువ. ప్రయోగాలు ఎవరి ఒంటిమీద జరిగితే వాళ్ల లోపాలే పుస్తకాల్లోకి ఎక్కుతాయి. మన ఒళ్లు ఎవరూ చూడలేదు. ఇంకా నిజం చెప్పాలంటే మనమూ చూసుకోలేదు. మందుకు దారి తీసిన మేధావి మనవాడు, మందుకు మొక్క మన పెరట్లోది, మోతాదు మాత్రం పరాయి ఒంటికి తూచింది. ఇంతకన్న విడ్డూరం ఉంటుందా?

"కౌంటు చూస్తూ ఇస్తాం కదా"

ఈ మాట అన్నప్పుడల్లా కొందరు పెద్ద డాక్టర్లు ఒక ఆక్షేపణ చెబుతారు. "జన్యువులదాకా ఎందుకు? వారంవారం రక్తం కౌంటు చూస్తాం. కణాలు పడిపోతే మందు తగ్గిస్తాం. ఇన్నేళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నాం." ఈ వాదనలో సత్యం లేకపోలేదు. కౌంటు పరీక్షకు ప్రత్యామ్నాయం లేదు. జన్యుపరీక్ష చేసినా కౌంటు చూడవలసిందే. కాని వారంవారం కౌంటు ఎవరికి జరుగుతుంది? హైదరాబాదులో ఆసుపత్రి పక్కవీధిలో ఉండే కుటుంబానికి జరుగుతుంది. ఆదిలాబాదు అడవిపల్లె నుంచో, శ్రీకాకుళం తీరం నుంచో వచ్చిన కూలీ కుటుంబానికి? రెండు బస్సులు మారాలి, రోజుకూలీ పోగొట్టుకోవాలి, ఇంటిదగ్గర మిగతా పిల్లలను ఎవరికో అప్పగించాలి. బిళ్ళలు నెలకు సరిపడా మూటగట్టుకుని ఊరు చేరతారు. రెండు ప్రతులూ మారిన బిడ్డకు పూర్తి మోతాదు రెండు మూడు వారాలు పడితే చాలు, జుట్టు కుచ్చులుకుచ్చులుగా రాలిపోతుంది, నోరు పుండవుతుంది, జ్వరం మొదలవుతుంది. అప్పుడు కౌంటు చూడటమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఊళ్లో పిల్లవాడు వాడిపోతుంటే ఇంటిల్లిపాదీ ఏమనుకుంటారు? "ఈ ఇంగ్లీషు మందు వేడి చేసింది" అంటారు. నాయనమ్మ బిళ్ళలు గూట్లో పెట్టి పసరు పోయిస్తుంది. తల్లిని తప్పు పట్టేవాళ్లూ ఉంటారు, పెరుగు పెట్టిందనో, దిష్టి తీయలేదనో. మందు మానేసిన బిడ్డకు జబ్బు తిరగబెడుతుంది. "అమ్మా, నీ తప్పేమీ లేదు, మందు తప్పూ లేదు, నీ బిడ్డ ఒంటికి ఈ కొలత ఎక్కువైంది, తగ్గించి ఇస్తే ఇదే మందు వాడిని బతికిస్తుంది" అని ముందే చెప్పగలిగితే, ఆ తల్లి బిళ్ళ మానిపించదు. పరీక్ష వల్ల కలిగే లాభాల్లో నేను దీన్ని చిన్నదిగా చూడను.

రెండో ఆక్షేపణ ఇంకా తెలివైనది. "భయపడి అందరికీ తక్కువ మోతాదు ఇస్తే సరి కదా?" సరి కాదు. కాపలాదారులు ఇద్దరూ గట్టిగా ఉన్న బిడ్డకు మోతాదు తగ్గిస్తే కాన్సర్ కణాలు బతికిపోతాయి. పదిమందిలో ఒకరికోసం తొమ్మిదిమందికి మందు తగ్గించడం ఆ తొమ్మిదిమందికీ అన్యాయం. జన్యుపరీక్ష రెండువైపులా పనిచేస్తుంది. ఎవరికి తగ్గించాలో చెబుతుంది, ఎవరికి ధైర్యంగా పూర్తి మోతాదు ఇవ్వవచ్చో కూడా చెబుతుంది. సి.పి.ఐ.సి. అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 2018లో ఈ రెండు జన్యువులకూ కలిపి మోతాదుల పట్టిక ప్రకటించింది. టి.పి.ఎం.టి. రెండు ప్రతులూ చెడితే పదోవంతు మోతాదు, అదీ రోజూ కాక వారానికి మూడుసార్లు. ఎన్.యు.డి.టి.15 రెండు ప్రతులూ మారితే రోజుకు చదరపు మీటరు ఒంటి వైశాల్యానికి 10 మిల్లీగ్రాములు. అమెరికా పద్ధతిలో మామూలు మోతాదు 75 అని గుర్తుంచుకోండి. ఇక ఏ డాక్టరూ గాలిలో లెక్క వేయనక్కరలేదు.

మూడోది డబ్బు. ఈ పరీక్ష బిడ్డ జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. జన్యువు మారేది కాదు గదా. వెతకవలసింది కొద్దిపాటి అక్షరాలు. పి.సి.ఆర్. యంత్రం ఉన్న ఏ ప్రయోగశాలలోనైనా కొద్ది వేల రూపాయల్లో తేలిపోతుంది. కణాలు పడిపోయిన బిడ్డను పది రోజులు ఇంటెన్సివ్ కేర్‌లో ఉంచితే అయ్యే ఖర్చుతో దీన్ని పోల్చి చూడండి. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. టి.పి.ఎం.టి.ని రక్తంలోని ఎంజైము కొలిచి కూడా చూడవచ్చు. కాని ఈ పిల్లలకు తరచు రక్తం ఎక్కిస్తారు గనుక, ఆ కొలత దాత ఎంజైమును చూపి మోసం చేస్తుంది. జన్యువును చూడటమే నికరం.

అన్ని మందులకూ ఇలా తేలిందని నేను అనడంలేదు. విన్‌క్రిస్టీన్ వల్ల కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం, నడక తూలడం కొందరు పిల్లల్లో ఎక్కువ. సి.ఇ.పి.72 అనే జన్యువుకు దానితో సంబంధం ఉన్నదని 2015లో ఒక పరిశోధన చెప్పింది, తర్వాతి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. అటువంటివి ఇంకా పండని కాయలు. మెర్కాప్టోప్యూరిన్ సంగతి పండిన పండు. చేతికందినదాన్ని కోసుకోకపోవడమే నా ఫిర్యాదు.

కులం కాదు, బిడ్డ

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒంటికీ ఒంటికీ తేడా ఉందనగానే మన దేశంలో ఆలోచన వెంటనే కులం వైపు, జాతి వైపు పరుగెత్తుతుంది. కొన్ని లోపాలు కొన్ని సమూహాల్లో ఎక్కువ కనిపించడం నిజమే. శతాబ్దాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకున్న ఫలితం అది. మన సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు హార్వర్డ్‌వారితో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధన ఈ సంగతిని స్పష్టం చేసింది. కాని మోతాదు నిర్ణయించవలసింది కులం అడిగి కాదు, రక్తం చూసి. ఈ మార్పు ఏ ఇంట్లోనైనా ఉండవచ్చు. పైగా ఇది జబ్బు కానేకాదు. ఈ జాతి మందు మింగనంతకాలం ఆ మనిషి నూరేళ్లు నిక్షేపంగా బతుకుతాడు. అటువంటి ఫలితం పెళ్లిచూపుల్లో చర్చకు వస్తే అంతకన్న అనాగరికం ఉండదు. కనుక పరీక్షతోపాటు గోప్యత కూడా రావాలి. ఇంటివాళ్లకు మాత్రం విడమరచి చెప్పాలి. ఎందుకంటే పేగు జబ్బుకూ, కిడ్నీ మార్పిడి తర్వాతా వాడే అజాథయోప్రిన్ కూడా ఈ జాతి మందే. రేపు ఆ బిడ్డ అన్నకో చెల్లెలికో అది అవసరం పడవచ్చు.

మన వంతు

"ఇదంతా అమెరికావాళ్లు చేయవలసిన పని, మనవల్ల ఏమవుతుంది?" అనే నిరుత్సాహం మనలో పాతుకుపోయింది. కాని 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం ఏం చేసిందో గుర్తు చేసుకోండి. శానిటోరియంలో పడుకోబెట్టకుండా పేదవాణ్ని ఇంటిదగ్గరే ఉంచి క్షయ నయం చేయవచ్చని 1959లో ప్రపంచానికి చాటింది. ఐసోనియాజిడ్ మందును కొందరి శరీరం త్వరగా, కొందరిది నెమ్మదిగా వదిలించుకుంటుందనీ, నెమ్మది రకంవారికే కాళ్ల మంటలు ఎక్కువనీ మన దక్షిణాది రోగులనే పరీక్షించి చూపింది. మనం చూడాలనుకుంటే చూడగలం. జీనోమ్ ఇండియా పథకం కింద 10,000 మంది భారతీయుల జన్యుపాఠం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. హైదరాబాదులో సి.సి.ఎం.బి. ఉంది, బేగంపేటలో ఉస్మానియావారి జన్యుశాస్త్ర సంస్థ ఉంది. బిడ్డలు ఉన్న ఆసుపత్రికీ, యంత్రాలు ఉన్న ప్రయోగశాలకూ మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే. ఆ దూరం దాటించవలసింది ప్రభుత్వపు ఉత్తర్వు ఒక్కటే.

ఆ ఉత్తర్వులో ఉండవలసినవి మూడే మాటలు. మెర్కాప్టోప్యూరిన్ మొదలుపెట్టేముందు ప్రతి బిడ్డకూ టి.పి.ఎం.టి., ఎన్.యు.డి.టి.15 పరీక్షలు ఉచితం. ఊరు చేరిన బిడ్డకు దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోనే వారంవారం కౌంటు, ఫలితం పెద్దాసుపత్రి డాక్టరుకు ఫోనులో. పరీక్ష ఫలితం, మోతాదు తెలుగులో రాసిన కార్డు తల్లి చేతికి.

ఇక విద్యార్థులుగా మనం. బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్ చదివే మిత్రులు తమ ప్రాజెక్టు అంశాన్ని పాత రికార్డుల్లో నుంచి దించుకోవడం మానాలి. మన జిల్లాల ప్రజల్లో మందులకు సంబంధించిన జన్యుభేదాలు ఎలా ఉన్నాయో చూడటం ఎం.ఎస్సీ. స్థాయిలోనే చేయదగ్గ పని. లెక్చరర్లు దారి చూపితే చాలు. పాత విద్యార్థుల్లో ఈనాడు డాక్టర్లుగా, అధికారులుగా, విదేశీ ప్రయోగశాలల్లో ఉన్నవారు చాలామంది. వాళ్లు సంఘానికి చందాతోపాటు కొంత సమయం కూడా ఇవ్వాలని విన్నపం. మిగతా అందరికీ ఒక పని ఉంది. ఈ పిల్లలకు ప్లేట్‌లెట్లు కావాలి. సేకరించిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. అందువల్ల ఏడాదికొక శిబిరం పెట్టి ఫోటోలు దిగితే లాభంలేదు. హాస్టలు గదుల వరుసనుబట్టి పేర్ల పట్టీ రాసుకుని, వారంవారం ఇద్దరు ముగ్గురు వెళ్లి ఇచ్చి రావాలి. యూనియన్ ఎన్నికల్లో ఓట్ల పట్టీ ఎంత శ్రద్ధగా తయారుచేస్తామో అందరికీ తెలుసు. అందులో సగం శ్రద్ధ చాలు.

బిడ్డకు చొక్కా కుట్టించేటప్పుడు దర్జీ టేపు తీసి భుజం కొలుస్తాడు. పక్కింటి పిల్లవాడి కొలతతో కుట్టేయమంటే ఏ తల్లీ ఒప్పుకోదు. చొక్కాకు అడిగే కొలత మందుకు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అది ఆ బిడ్డ హక్కు, దాన్ని అడిగి సాధించడం చదువుకున్న మన బాధ్యత.